సోర్‌డో స్టార్టర్ మిగిలితే పారబోయకండి, మన ఎండలకి తగ్గట్టు వాఫిల్స్ వేసుకోండి

ఇంట్లో సోర్‌డో బ్రెడ్, అంటే పులిసిన పిండితోనే పొంగించే బ్రెడ్, చేసుకునేవాళ్ళకి రోజూ ఉండే బెంగ ఒకటుంది. పిండి నీళ్ళు కలిపి సీసాలో పులియబెట్టి పెంచుకునే ఆ ముద్దే స్టార్టర్, దాన్ని ఫీడ్ చేసే ముందు, అంటే కొత్త పిండి నీళ్ళు పోసే ముందు, సగానికి పైగా తీసి పక్కన పెట్టాలి. తియ్యకపోతే ఏటంటే, సీసాలో ఉన్నదానికి సమానంగా ప్రతిసారీ కొత్త పిండి కొత్త నీళ్ళు పొయ్యాలి కాబట్టి నాలుగు రోజులకే బిందె సరిపోదు. అలా తీసినదాన్ని డిస్కార్డ్ అంటారు గానీ అది పాడైపోయింది కాదండీ, అందులో ఉన్నది పిండి, నీళ్ళు, బతికున్న ఈస్టు, పులుపు పుట్టించే బ్యాక్టీరియా, అంతే. మన శ్రీకాకుళం పల్లెల్లో తరవాణి కుండ పెట్టినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు, పుల్లటి నీళ్ళు వాడుకుంటూ కొత్త గంజి పోస్తూ ఆ పులుపుని అలా నడిపిస్తూనే ఉంటారు, ఒక్క చుక్క పారబొయ్యరు. ఇది కూడా అలాగే చూసుకోవాలి.

ఆ మిగిలిన పిండితో క్రాకర్స్, రొట్టెలు, అట్లు ఇలా చాలా చెయ్యొచ్చు గానీ నా లెక్కలో అన్నిటికంటే బాగా కుదిరేది వాఫిల్, అదే గళ్ళ పలకల మెషిన్‌లో కాల్చే మందపాటి అట్టు. ఎందుకంటే బ్రెడ్‌కి కావాల్సినంత పొంగే బలం ఆ పాత పిండిలో ఉండదు, వాఫిల్‌కి ఆ బలం అక్కర్లేదు, పొంగించే పని వంట సోడా చూసుకుంటాది, స్టార్టర్ పులుపు ఇస్తే చాలు. ఆ పులుపు మీద బెల్లం పాకం పడితే ఉంటాది చూడండి, మామూలు మైదా వాఫిల్ మళ్ళీ తినబుద్ధి కాదు.

కానీ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికే రెసిపీలు చాలావరకు చలిదేశాల వాళ్ళవి, రాత్రి పిండి కలిపి పొద్దుటిదాకా బయట వదిలీండి అంటారు. వాళ్ళ వంటిల్లు ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు ఉంటాది. మన దగ్గర మే నెలలో అర్ధరాత్రి కూడా వంటగది ముప్పైకి దిగదు, ఆ వేడికి పులుపు బ్యాక్టీరియా రెచ్చిపోతాది, పొద్దున్న లేచేసరికి పిండి పల్చబడిపోయి వెనిగర్ వాసన కొడతాది, ఎంత పిండి కలిపినా మళ్ళీ ఆ జిగురు రాదు. 1896లో మొదలైన క్లోండైక్ బంగారం వేటలో కెనడా, అలాస్కా వైపు వెళ్ళినవాళ్ళు స్టార్టర్ గడ్డకట్టకుండా రాత్రిళ్ళు డబ్బాని ఒంటికి ఆనించుకుని పడుకునేవారని చెబుతారు, అందుకే అక్కడ పాతకాపులకి సోర్‌డో అనే పేరు పడిపోయింది. వాళ్ళకి చలితో పోరు, మనకి వేడితో. కాబట్టి వాళ్ళ టైములు మనకి పనికిరావు, మన ఫ్రిజ్‌ని నమ్ముకోవాలి.

ముందు స్టార్టర్ సంగతి. కొత్తగా మొదలుపెట్టిన మొదటి వారం పది రోజుల్లో తీసిన పిండి మాత్రం వాడకండి, అందులో ఇంకా రకరకాల బ్యాక్టీరియా కొట్టుకుంటూ ఉంటాయి, పులుపు కుదురుకోదు, అది పారబోసినా పాపం లేదు. ఫీడ్ చేశాక క్రమం తప్పకుండా పొంగుతున్న స్టార్టర్‌దైతేనే దాచండి. ఫ్రిజ్‌లో వేరే సీసా పెట్టుకుని తీసినప్పుడల్లా అందులో వేస్తూ ఉండొచ్చు, మూత మరీ బిగించొద్దు, వారం లోపల వాడేస్తే రుచి బాగుంటాది. పైన బూడిద రంగు నీళ్ళు తేలితే భయం లేదు, దానికి ఆకలేసిందని అర్థం, ఆ నీళ్ళు వంచేస్తే పులుపు కాస్త తగ్గుతాది, కలిపేస్తే పెరుగుతాది, మీ ఇష్టం. గులాబీ రంగు గానీ నారింజ రంగు గానీ చారలు కనిపించినా, బూజు పట్టినా మాత్రం పైపైన తీసేసి వాడదాం అనుకోకండి, మొత్తం పడేసి సీసా వేన్నీళ్ళతో కడుక్కోవాలి.

మామూలు సైజు వాఫిల్స్ నాలుగైదుకి కొలత చెబుతాను. డిస్కార్డ్ 120 గ్రాములు, అంటే పిండి నీళ్ళు సమానంగా కలిపిన స్టార్టర్ అయితే అరకప్పు. మైదా 100 గ్రాములు, బియ్యప్పిండి 20 గ్రాములు, చిక్కటి మజ్జిగ 220 మిల్లీలీటర్లు, పంచదార ఒక పెద్ద స్పూను. ఇవి రాత్రికి. పొద్దున్నకి ఒక గుడ్డు, కరిగించిన వెన్న గానీ నూనె గానీ రెండు పెద్ద స్పూన్లు, ఉప్పు పావు టీస్పూను పైన కొంచెం, వంట సోడా తలకొట్టి అర టీస్పూను. గ్రాముల త్రాసు ఉంటే అదే వాడండి, స్టార్టర్‌లో బుడగలు ఉంటాయి కాబట్టి కప్పు కొలత ఒక్కోసారి ఒక్కోలా వస్తాది. బియ్యప్పిండి ఎందుకు అంటే కరకర కోసం, మన అట్ల పిండిలో వేసేది కూడా అందుకే కదా.

రాత్రి వంటలన్నీ అయ్యాక రాత్రి సరుకులన్నీ ఒక పెద్ద గిన్నెలో వేసి ఉండలు లేకుండా కలిపీండి, గిన్నె సగానికి మించి నిండకూడదు. ఎండాకాలం అయితే ఒక గంట బయట ఉంచి చిన్న బుడగలు కనబడగానే ఫ్రిజ్‌లో పెట్టీండి, వానాకాలం అయినా దాదాపు అంతే, ఉక్క తక్కువేం కాదు మరి. చలికాలంలో, ఆ సంక్రాంతి ముందు వెనకల చలి రాత్రుల్లో మాత్రం హాయిగా పొద్దుటిదాకా బయట వదిలేయొచ్చు, అప్పుడు వచ్చే రుచే వేరు. ఉప్పు, గుడ్డు, సోడా ఏదీ రాత్రి వెయ్యొద్దు. సోడా రాత్రే వేస్తే పులుపుతో కలిసి గ్యాసంతా రాత్రికే పోతాది, పొద్దున్నకి ఏం మిగలదు. గుడ్డు రాత్రంతా బయట ఉండటం అసలే మంచిది కాదు.

పొద్దున్న ఫ్రిజ్‌లోంచి తీసి ఓ అరగంట బయట పెట్టండి. మరీ చల్లగా ఉన్న పిండిలో కరిగిన వెన్న పోస్తే ముక్కలు ముక్కలుగా గడ్డకట్టేస్తాది. గుడ్డు విడిగా గిలక్కొట్టి వెన్నతో కలిపి పిండిలో పొయ్యాలి, ఉప్పు వెయ్యాలి, ఇప్పుడు చూస్తే పిండి ఇడ్లీ పిండికి దోశ పిండికి మధ్యలో ఉండాలి. మరీ గట్టిగా అనిపిస్తే రెండు స్పూన్ల మజ్జిగ పొయ్యండి. ఇంకా కరకరలాడాలంటే తెల్లసొన విడిగా నురగొచ్చేలా కొట్టి ఆఖర్న మెల్లగా కలుపుకోవచ్చు, రోజూ చేసేటప్పుడు నేనైతే అంత శ్రమ పడను.

సోడా మాత్రం మెషిన్ బాగా వేడెక్కాకే. జల్లెడలో వేసి పిండి మీద చల్లి తిప్పితే కళ్ళముందే పిండి ఉబ్బి నురగ కడతాది, అది చూడటమే ఒక సంబరం. అక్కడ జరిగేది ఏటంటే స్టార్టర్‌లోనూ మజ్జిగలోనూ ఉన్న పులుపుతో సోడా కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టి పిండిని లేపుతాది, పులుపు ఘాటు తగ్గుతాది, పైగా రంగు కూడా బాగా వస్తాది. పులుపు ఎక్కువగా ఉన్న పిండి తొందరగా ఎర్రబడదు, తెల్లగా పాలిపోయి ఉండిపోతాది, పంచదార వెయ్యమన్నది కూడా తీపి కోసం కంటే ఆ రంగు కోసమే. చాలామంది ఈనో వేస్తారు గానీ దీనికి వద్దు, అందులో సోడాతో పాటు దాని పులుపు దానికే ఉంటాది కాబట్టి పొంగుతాది గానీ మన స్టార్టర్ పులుపుని తగ్గించదు. అలాగని సోడా ఎక్కువ గుప్పించినా సబ్బు రుచి వచ్చేస్తాది. కలిపాక పావుగంటలోపు పిండంతా వేసేసుకోవాలి.

మెషిన్ లైటు వెలగ్గానే పోసేయకండి, ఇంకో నాలుగైదు నిమిషాలు ఆగండి, పలకలు లోపలిదాకా వేడెక్కాలి. రెండు వైపులా నూనె గానీ నెయ్యి గానీ పల్చగా రాయండి, వెన్న రాస్తే అందులో పాల పదార్థం మాడి అంటుకుంటాది. పిండి మధ్యలో పోసి అంచుకి ఓ వేలు దూరంలో ఆపండి, మూత వేశాక అదే సర్దుకుంటాది. తర్వాత నాలుగైదు నిమిషాలు దాని జోలికి పోకండి. మధ్యలో మూత ఎత్తితే వాఫిల్ అడ్డంగా రెండుగా చీలి సగం పైన సగం కింద అంటుకుంటాది. టైము కంటే ఆవిరి చూడండి, పక్కల్నించి దట్టంగా వచ్చే ఆవిరి బాగా తగ్గిపోతే ఉడికినట్టు. తీసి పళ్ళెంలో పెట్టొద్దు, కింద చెమ్మపట్టి మెత్తబడిపోతాది, జాలీ మీద పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు కూడా. ఇంకో మాట, ఈ మెషిన్ బాగా కరెంటు లాగే వస్తువు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద పెట్టకండి. గ్యాస్ మీద కాల్చుకునే అచ్చులు కూడా దొరుకుతాయి, కరెంటు నమ్మకం లేని ఊళ్ళలో అవే నయం. ఏదీ లేకపోతే ఇదే పిండి గుంత పొంగనాల పెనంలో వేసుకోండి, వాఫిల్ అనలేం గానీ పిల్లలు గిన్నె ఖాళీ చేసేస్తారు.

మైదా వద్దనుకునేవాళ్ళు గోధుమపిండి వాడొచ్చు, అది నీళ్ళు ఎక్కువ పీలుస్తాది కాబట్టి మజ్జిగ ఇంకో రెండు మూడు స్పూన్లు పట్టుద్ది. నాకైతే మైదాలో ముప్పై గ్రాములు తగ్గించి ఆ మేరకి చోడి పిండి, అదే రాగి పిండి, వెయ్యడం చాలా ఇష్టం, రంగు ముదురుగా వస్తాది, అంబలి తాగి పెరిగిన నోటికి ఆ వాసన వెంటనే తెలుస్తాది. అంతకంటే ఎక్కువ వేస్తే మాత్రం విరిగిపోతాది, చోడిలో సాగే గుణం ఉండదు కదా. కార్తీకమాసంలో గుడ్డు ముట్టనివాళ్ళు దాని బదులు బాగా పండిన అరటిపండు సగం మెత్తగా చిదిమి వేసుకోండి, కాస్త మెత్తగా వస్తాయి, ఇంకో నిమిషం ఎక్కువ ఉంచితే సరిపోద్ది.

పైన వేసుకోడానికి మేపుల్ సిరప్ కొనుక్కోనక్కర్లేదు. వంద గ్రాముల బెల్లంలో పావుకప్పు నీళ్ళు పోసి కరిగించి వడకట్టి రెండు మూడు నిమిషాలు మరిగించి యాలక్కాయ పొడి వెయ్యండి, తీగపాకం దాకా పోనివ్వకండి, చల్లారాక గట్టిపడిపోతాది. పలాస జీడిపప్పు నేతిలో వేయించి, పచ్చికొబ్బరి తురిమి చల్లితే జీడి, కొబ్బరి తోటల మా ఉద్దానం ప్రాంతం అంతా పళ్ళెంలోకి వచ్చేసినట్టే. ఎండాకాలంలో సువర్ణరేఖ మామిడి ముక్కలు వేసుకుంటే పాకం కూడా అక్కర్లేదు. కారం ఇష్టమైతే పంచదార చిటికెడుకి తగ్గించి పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు, సన్నగా తరిగి గట్టిగా పిండిన ఉల్లిపాయ సోడాకి ముందు కలుపుకుని అల్లం పచ్చడితో తినండి.

రాత్రి కలపడం మర్చిపోయినా పర్లేదు. డిస్కార్డ్ 240 గ్రాములు ఉంటే వేరే పిండి ఏమీ లేకుండా అందులోనే గుడ్డు, రెండు స్పూన్ల నూనె, స్పూను పంచదార, ఉప్పు, అర టీస్పూను సోడా వేసి వెంటనే పోసేయొచ్చు, పులుపు కొంచెం ముందుకు వస్తాది గానీ పది నిమిషాల్లో టిఫిన్ అయిపోద్ది.

మిగిలితే పూర్తిగా చల్లారాక కవర్లో పెట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి, నెల్లాళ్ళు బాగుంటాయి. వేడి చెయ్యడానికి మైక్రోవేవ్ వద్దు, రబ్బరులా అయిపోతాయి, ఫ్రీజర్‌లోంచి తీసినవి తీసినట్టే దోశ పెనం మీద సన్న మంట పెట్టి రెండు వైపులా కాల్చండి, టోస్టర్ ఉంటే ఇంకా మంచిది. మెషిన్ గోరువెచ్చగా ఉండగానే ప్లగ్ పీకేసి తడిబట్ట పిండి తుడవండి, గళ్ళలో ఇరుక్కున్నది మెత్తటి బ్రష్షుతో తీస్తే వచ్చేస్తాది, కుళాయి కింద మాత్రం పెట్టొద్దు.