పాత గోడల మరమ్మతు – 4వ పాఠం: సిమెంటు పూత కింద చెమ్మ

పోయిన పాఠంలో పగుళ్లు చూడటం నేర్చుకున్నాం. ఈసారి చెమ్మ. పాత కట్టడాల్లో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే, ఎందుకంటే చాలాచోట్ల ఇది మంచి చేద్దామని చేసిన మరమ్మతు వల్లే వస్తుంది.

చార్మినార్ 1591 నాటిది. ఇప్పుడు మనం వాడే రకం సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు వచ్చింది 1824లో. అంటే మన పాత గోడలన్నీ సున్నాన్నీ మట్టినీ నమ్ముకుని లేచినవే. సున్నపు గోడ నేలలోని చెమ్మను పీల్చుకుంటుంది, ఎండ తగిలితే గాలికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూశామా, ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే నిలిచి, ఉప్పు పేరుకుని, ఇటుక పొడిపొడిగా రాలిపోతుంది. పైపూత గట్టిగా ఉండటంతో గోడ బాగుందనుకుంటాం. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన పనిలో, అంతకుముందు పూసిన సిమెంటునంతా ఒలిచి మళ్లీ సున్నం పెట్టాల్సి వచ్చింది.

ఇక చేతి పని. మీ పాత ఇంటి గోడనే తీసుకోండి. (రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా ముట్టుకోవద్దు.) వేలి కణుపులతో కింది నుంచి పైకి తట్టుతూ పోండి. డొల్లగా మోగిన చోట సుద్దముక్కతో గీయండి. తెల్లగా ఉప్పు పొంగిన చోట ఇంకో గుర్తు. రెండు గుర్తులూ కలిసిన చోట పని మొదలవుతుంది. సిమెంటును చిన్న ఉలితో, అంచు నుంచి, నెమ్మదిగా లేపాలి. మిషను పెట్టొద్దు; ఆ అదురుకు వెనకున్న ఇటుక చిట్లుతుంది. ఎక్కడైనా గట్టిగా పట్టుకుని ఊడకపోతే అలాగే వదిలేయండి. లాగితే ఇటుక ముఖం కూడా దానితో వచ్చేస్తుంది.

కింద రాలిన పాత సున్నం పెచ్చు ఒకటి దాచండి. నలిపి, గాజు గ్లాసులో వేసి వెనిగర్ పోయండి. బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టే. రాత్రంతా ఉంచి, వెనిగర్ మార్చి, బుడగలు ఆగేదాకా అలాగే చేయండి. అడుగున మిగిలేది ఆనాటి ఇసుక. ఎర్రటి పొడి కనిపిస్తే ఇటుక పొడి కలిపి ఉంటారు. ఆరబెట్టి, తెల్లకాగితం మీద పోసి, రంగూ రేణువు సైజూ చూసి, అలాంటి ఇసుక వెతికి తెచ్చుకోండి. వచ్చే పాఠంలో దానితోనే సున్నం కలుపుదాం.