అగ్నిపర్వతాన్ని గమనించడం – 3వ పాఠం: చెవి, ముక్కు

పోయిన పాఠంలో లావా రంగును బట్టి వేడి అంచనా వేశాం: ముదురు ఎరుపు కన్నా నారింజ, నారింజ కన్నా పసుపు ఎక్కువ వేడి. ఈసారి చెవికీ ముక్కుకీ పని చెబుదాం. చోటు మళ్లీ స్ట్రాంబోలీయే. ఇటలీలో, సిసిలీకి ఉత్తరాన సముద్రంలోంచి 924 మీటర్లు లేచిన దీవి ఇది. మామూలు రోజుల్లో గంటకు చాలాసార్లు పేలుతుంది కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా అనువైనది నాకు తెలిసి లేదు. ఒకటి తప్పిపోతే కాసేపాగితే ఇంకొకటి.

చీకటి పడ్డాక గైడ్‌తో వెళ్లి, సముద్రం దాకా జారే నల్లటి వాలు షారా దెల్ ఫువోకో అంచున నిలబడ్డారనుకోండి. ముందు బిలం మీద ఎర్రటి వెలుగు చిమ్ముతుంది. చప్పుడు ఉండదు. నిప్పు ముద్దలు పైకి లేస్తుంటాయి, అప్పుడు వినబడుతుంది 'ధన్'మని. ఈ ఆలస్యమే మన కొలబద్ద. వెలుగు కనబడగానే సెకన్లు లెక్కపెట్టడం మొదలెట్టి, చప్పుడు వినగానే ఆపండి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే మూడు సెకన్లకు దాదాపు కిలోమీటరు. చాలామంది చప్పుడు విన్నాక తలెత్తుతారు, అప్పటికే సగం అయిపోతుంది. అందుకే మొదటి నాలుగైదు పేలుళ్లకు ఫోన్ జేబులోనే ఉంచండి. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను.

ఇక చప్పుడులో రకాలు వినండి. శిలాద్రవంలోంచి పెద్ద వాయుబుడగ పైకొచ్చి పగిలితే 'ధన్'. వాయువు ఇరుకు దారిలో తన్నుకొస్తే 'బుస్స్'మని చాలాసేపు సాగుతుంది. పేలుడు శబ్దంలో కొంత భాగం 20 హెర్ట్జ్ కన్నా కిందుంటుంది. అది చెవికి అందదు, బలంగా ఉంటే ఛాతీకి తెలుస్తుంది.

వాసన దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. అప్పుడే గీసిన అగ్గిపుల్ల ఘాటు వచ్చి గొంతు పట్టేస్తే సల్ఫర్ డయాక్సైడ్. కుళ్లిన గుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. దాని మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కాబట్టి కంపు ఉన్నట్టుండి పోతే హమ్మయ్య అనుకోకండి, అక్కణ్నుంచి కదలండి. కార్బన్ డయాక్సైడ్‌కు అసలు వాసనే లేదు, గాలికన్నా బరువు కాబట్టి గుంటల్లో చేరుతుంది. గాలి వీపుకు తగిలేలా నిలబడండి, అలసిపోయినా గుంటలో కూర్చోవద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌ను అడగాలి.

ఇన్ని నిమిషాలకోసారి అనే లెక్కను మాత్రం నమ్ముకోవద్దు. 2019 జులై 3న ఇదే స్ట్రాంబోలీ మామూలు కన్నా ఎన్నో రెట్లు పెద్దగా పేలింది, కొండ మీద నడుస్తున్న ఒకరు చనిపోయారు. గైడ్ దిగమంటే మారు మాట లేకుండా దిగాలి.

అభ్యాసం: ఈసారి ఉరుములొచ్చినప్పుడు ఇంట్లోనే ఉండి, కిటికీలోంచి మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టి నోట్ బుక్‌లో రాయండి. మబ్బు దగ్గరికొస్తోందా, దూరం పోతోందా చెప్పగలిగితే 4వ పాఠానికి రండి. అందులో బూడిదను వేళ్ల మధ్య నలిపి చూద్దాం.