సీబీ పాయింట్ల బుల్లెట్‌కి కిల్ స్విచ్ బిగించడం ఎలా?

సీబీ పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ స్పార్క్ పుట్టించే కాంటాక్ట్ బ్రేకర్) ఉన్న పాత బుల్లెట్ 350కి కిల్ స్విచ్, అంటే హ్యాండిల్ మీంచే ఇంజిన్ ఆపే స్విచ్, పెట్టాలంటే ముందు ఒకటి తేల్చుకోవాలి: వైరు మధ్యలో తెంచాలా, ఎర్త్ చేయాలా (బండి ఇనుప బాడీకి కలపాలా)? బ్యాటరీ, కాయిల్ (స్పార్క్ కోసం వోల్టేజి పెంచేది) ఉన్న బండికి తెంచాలి. తాళం నుంచి కాయిల్‌కి వచ్చే వైరు మధ్యలో స్విచ్ రావాలి.

కొందరు పాయింట్ల వైపు వైరును స్విచ్ ద్వారా ఎర్త్ చేస్తారు. ఇంజిన్ ఆగుతుంది, నిజమే. కానీ తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. 12 వోల్టుల కాయిల్ 3 ఓమ్‌లదైతే 4 ఆంపియర్లు! కాయిల్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, బ్యాటరీ దిగిపోతుంది. దయచేసి అలా చేయకండి.

కాయిల్‌కి రెండు చిన్న వైర్లుంటాయి. తాళం వైపుది ఏదో, ఒక కొస ఎర్త్‌కి కలిపిన టెస్ట్ బల్బుతో చూడాలి. పాయింట్లు తెరుచుకుని ఉంటే బల్బు రెండు చోట్లా వెలుగుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. అందుకే తాళం ఆఫ్‌లో ఉంచి, డీకంప్రెసర్ (సిలిండర్‌లోని ఒత్తిడి వదిలేసే లివర్) నొక్కి కిక్ కొంచెం తిప్పండి. లైట్లు ఆపి తాళం ఆన్ చేయండి. హెడ్‌లైట్ మీది ఆమీటరు ముల్లు మైనస్ వైపు వాలితే పాయింట్లు మూసుకున్నట్టే. వాలకపోతే తాళం ఆపి, ఇంకొంచెం తిప్పి చూడండి. ముల్లు వాలినప్పుడు బల్బు బాగా వెలిగిన వైరే మనకు కావాల్సింది. గుర్తు పెట్టుకుని వెంటనే తాళం ఆపేయండి.

ఇప్పుడు బ్యాటరీ ఎర్త్ వైరు ఊడదీసి, గుర్తు పెట్టుకున్న కాయిల్ వైరును తెంచండి. తెగిన రెండు కొసల నుంచి 1 చదరపు మి.మీ. రాగి వైర్లు రెండు హ్యాండిల్ దాకా తీసుకెళ్లి స్విచ్‌కి కలపండి. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిరిగేంత వదులు ఉంచండి. మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ బుల్లెట్ అదురుకి నిలవదు. బండి మిస్ కొడుతుంటే మనం కార్బురేటర్ విప్పుతూ కూర్చుంటాం. టంకం పెట్టి స్లీవ్ తొడగండి.

బ్యాటరీ కలిపి, పాయింట్లు మూసుకుని ఉండగా కాసేపు తాళం ఆన్ చేసి బ్యాటరీ దగ్గర, కాయిల్ దగ్గర వోల్టేజి కొలవండి. తేడా అర వోల్టు దాటితే ఏదో జాయింట్ లేదా స్విచ్ బాగాలేదు. తర్వాత స్టార్ట్ చేసి, ఐడిల్‌లో హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి. ఇంజిన్ ఆగిపోతే ఎక్కడో వైరు లాగుతోంది.

బ్యాటరీ లేకుండా మాగ్నెటోతో (ఇంజిన్ తిరుగుతుంటే తానే కరెంటు పుట్టించేది) నడిచే పంపు ఇంజిన్లకు, పాత స్కూటర్లకు మాత్రం ఇదంతా తిరగబడుతుంది. అక్కడ పాయింట్ల వైరును స్విచ్ ద్వారా ఎర్త్‌కి కలిపితేనే ఇంజిన్ ఆగుతుంది. ఆ వైరు తెగితే ఇంజిన్ ఆగదు, కాబట్టి పంపు దగ్గర జాయింట్ ఇంకా గట్టిగా ఉండాలి.