కంప్యూటర్ కంపెనీ నిలబడుతుందా లేదా? ముందే పసిగట్టడం ఎలా

షేర్లలో డబ్బు పెట్టేముందు, లేదా ఆఫీసుకి ఒకే బ్రాండ్ కంప్యూటర్లు వందల్లో కొనేముందు, ఈ కంపెనీ ఇంకో పదేళ్లు ఉంటుందా అని ఒకసారైనా టెన్షన్ పడతాం కదా. అప్పుడు చాలామంది ప్రాసెసర్, స్క్రీన్, రివ్యూలు చూసి తేల్చేస్తారు. వాటిని పక్కన పెట్టండి. ముందు చూడాల్సింది ఆ మెషీన్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ (విండోస్ లాంటిది) ఎవరిదన్నది.

వేరేవాళ్లదైతే కంపెనీ అద్దె ఇంట్లో ఉన్నట్టే. ఐబీఎం 1981లో పీసీ తెచ్చినప్పుడు డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ని మైక్రోసాఫ్ట్ దగ్గర తీసుకుంది, కానీ దాన్ని మిగతా కంపెనీలకు అమ్ముకునే హక్కు మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉండిపోయింది. కాంపాక్ వాళ్లు బయోస్‌ని (మెషీన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) తమంతట తాము కొత్తగా రాసుకుని అచ్చం ఐబీఎం పీసీలాగే పనిచేసే మెషీన్లు తెచ్చాక, వెనకాలే ఇంకెందరో వచ్చారు, ఐబీఎంకి పేరు తప్ప పెద్దగా మిగిలింది లేదు. ఓఎస్/2 అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో మళ్లీ పట్టు సంపాదించాలని చూసింది, కుదరలేదు, 2005లో పీసీ వ్యాపారాన్ని లెనోవోకి అమ్మేసింది.

అందుకే విండోస్ మీద బతికే కంపెనీ విషయంలో ఆపరేటింగ్ సిస్టమ్ బాగుందా అని చూడక్కర్లేదు, అది అందరికీ ఒకటే. వార్షిక నివేదిక తెరిచి గ్రాస్ మార్జిన్ (అమ్మకాల్లో తయారీ ఖర్చు పోగా మిగిలే శాతం) నాలుగైదేళ్లది వరసగా రాసుకోండి. తర్వాత లాభం ఏ విభాగం నుంచి వస్తోందో చూడండి. హెచ్‌పీలో ప్రింటర్ల అమ్మకాలు పీసీల కంటే తక్కువే, కానీ మార్జిన్ మాత్రం బాగా ఎక్కువ. డెల్‌కి సర్వర్లు, స్టోరేజ్ ఉన్నాయి. పీసీలు తప్ప ఇంకేమీ లేని కంపెనీ అయితే జాగ్రత్త.

సొంత సిస్టమ్ ఉన్న కంపెనీ అయితే కథ వేరు, పరీక్ష కూడా కష్టం. ఎందుకంటే సిస్టమ్ ఎంత బాగున్నా కంపెనీ మునిగిపోవచ్చు. కొమొడోర్ కంపెనీ తెచ్చిన అమిగా కంప్యూటర్ 1985లోనే అద్భుతంగా ఉండేది, అయినా కొమొడోర్ 1994లో దివాలా తీసింది. స్టీవ్ జాబ్స్ పెట్టిన నెక్స్ట్ కంపెనీ 1993లో హార్డ్‌వేర్ తయారీ మానేసింది. ఇక్కడ చేయాల్సింది ఒకటే: మీకు రోజూ అవసరమయ్యే ఓ పది ప్రోగ్రాముల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాన్ని తయారుచేసేవాళ్ల సైట్‌కి వెళ్లి ఈ సిస్టమ్‌కి వెర్షన్ ఉందా, ఉంటే మిగతా సిస్టమ్స్‌తో పాటే వచ్చిందా, లేక ఎప్పుడో వచ్చి ఆగిపోయిందా చూడండి. ఆగిపోయినవి నాలుగైదు కనబడితే డెవలపర్లు సర్దుకుని వెళ్లిపోతున్నారని అర్థం, కొనేవాళ్లు వెళ్లిపోవడం ఆ తర్వాతి మెట్టు.

ఆపిల్‌ని 1997లో ఈ కొలతతోనే చూడాలి. 1995లో సుమారు 1,100 కోట్ల డాలర్లున్న అమ్మకాలు 1997కి దాదాపు 700 కోట్లకు పడిపోయాయి, ఆ ఏడాది నష్టం వంద కోట్ల డాలర్లు దాటింది. ఆగస్టులో బోస్టన్ మాక్‌వరల్డ్ వేదిక మీద పెద్ద స్క్రీన్‌పై బిల్ గేట్స్ ముఖం కనబడగానే హాల్లో జనం హేళనగా అరిచారు. మైక్రోసాఫ్ట్ ఆపిల్‌లో పెట్టిన 15 కోట్ల డాలర్ల గురించే ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు గానీ, నా ఉద్దేశంలో అసలు ఊపిరి పోసింది ఆపిల్ కంప్యూటర్ మాక్‌కి ఐదేళ్లపాటు ఎంఎస్ ఆఫీస్ తెస్తామన్న మాట. వర్డ్ ఫైలు తెరవలేని కంప్యూటర్‌ని ఆ రోజుల్లో ఎవరు కొంటారు? అదే ఏడాది జాబ్స్ క్లోన్ల (మాక్ సిస్టమ్‌తో వేరే కంపెనీలు చేసే మెషీన్లు) లైసెన్సులు ఆపేశాడు. ఆ క్లోన్లు కొత్త కస్టమర్లను తేకుండా ఆపిల్ ఖరీదైన మోడళ్ల అమ్మకాలనే తినేస్తున్నాయి మరి. కాబట్టి సొంత సిస్టమ్‌ని పక్కవాళ్లకి అమ్ముతామని ఏ కంపెనీ అయినా ప్రకటిస్తే, ఆ రాబడి తన మెషీన్ల మీద పోయే లాభాన్ని భర్తీ చేస్తుందా లేదా లెక్క వేయండి.

ఇంకోటి, సిస్టమ్ మెషీన్‌లో ఉండటం వేరు, కొన్నవాడికి కనబడటం వేరు. హిటాచీ ఒక పీసీలో విండోస్ పక్కన బీఓఎస్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వేసి ఇచ్చింది, కానీ ఆన్ చేస్తే బీఓఎస్ ఎంచుకునే మెనూనే రాదు! అది ఉందని చాలామందికి తెలియను కూడా తెలియలేదు. కొత్త సిస్టమ్ ఇస్తున్నాం అని కంపెనీ చెబితే దాని సైట్‌లో మామూలు కస్టమర్‌లా ఆర్డర్ దాకా వెళ్లండి. ఆ ఆప్షన్ మొదటి పేజీలో ఉందా, రెండు మోడళ్లకే ఉందా, సర్వీసు కూడా ఇస్తారా చూస్తే వాళ్ల నమ్మకం ఎంతో తెలిసిపోతుంది. హెచ్‌పీ 120 కోట్ల డాలర్లు పెట్టి పామ్ అనే ఫోన్ల కంపెనీని కొని, దాని వెబ్‌ఓఎస్ సిస్టమ్‌తో తెచ్చిన టచ్‌ప్యాడ్ టాబ్లెట్‌ని 2011లో 49 రోజులకే ఆపేసింది.

ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ గురించి రెండు మాటలు. ఆసుస్ 2007లో ఈఈఈ పీసీ అనే చిన్న ల్యాప్‌టాప్‌ని లినక్స్‌తో చవగ్గా తెస్తే, మైక్రోసాఫ్ట్ పాత విండోస్ ఎక్స్‌పీని అలాంటి చిన్న మెషీన్లకు కొనసాగించి ఆ గిరాకీని చాలావరకు తనవైపు తిప్పుకుంది. అయినా చేతిలో ఇంకో దారి ఉందని చూపించగలిగే కంపెనీకి బేరమాడే బలం కొంతైనా ఉంటుంది.

చివరగా, అమ్మకాలు పెరిగాయన్న వార్త కనబడితే తేదీ చూడండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది, చాలా పాత మెషీన్లు విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) లాంటి షరతులకు సరిపోవు, అందుకని తప్పక కొన్నవాళ్లు ఉంటారు. ఆ అమ్మకాలు రేపటి గిరాకీ ముందే వచ్చేయడం కూడా కావచ్చు, కాబట్టి ఒక క్వార్టర్ చూసి నిర్ణయం తీసుకోకుండా తర్వాతి నాలుగు క్వార్టర్లు కూడా చూడండి.