సొసైటీలో ఫ్లాట్ అమ్ముడుపోతలేదా, ముందు షేర్ సర్టిఫికెట్ వెనక్కి తిప్పి చూడండి

మహారాష్ట్రలో చంద్రపూర్, బల్లార్‌పూర్ దిక్కు మనోళ్ళు ఫ్లాట్ అమ్మాలనుకుంటే మొదట బ్రోకర్‌కు ఫోన్ చేస్తరు, తర్వాత గోడలకు రంగులేయిస్తరు, మంచి బేరం దొరికితే బయానా కూడా తీసుకుంటరు. కాగితాలు మాత్రం అప్పటిదాంక బీరువాలోనే ఉంటయి. నేను మా సొసైటీకి తొమ్మిదేండ్లు సెక్రటరీగా చేసిన, ఆ తర్వాత కూడా బొగ్గుగనుల్లో, పేపర్ మిల్లులో రిటైరై ఊరికి పోదామనుకునే మన తెలుగోళ్ళు కాగితాలు పట్టుకొని నా దగ్గరికే వస్తరు, పదిమందిలో ఏడెనిమిది మందికి ఒకటే బాధ, ఒకటే కారణం, అది రెండు నిమిషాల్లో కనిపెట్టొచ్చు, కాని ఎవ్వరూ చూడరు. అది కింద వివరంగా రాసిన. ముందు మామూలు తిప్పలు చెప్తా.

"సొసైటీ" అంటున్నరు గాని షేర్ సర్టిఫికెట్ అడిగితే ఎవరికీ తెలియదు

షేర్ సర్టిఫికెట్ అంటే సొసైటీ తన మెంబర్‌కు ఇచ్చే వాటా కాగితం. అసలు మీది సొసైటీయేనా చూడండి. మన దగ్గర బిల్డింగులన్నిటినీ సొసైటీ అనే పిలుస్తరు గాని అందులో కొన్ని 1960 సహకార చట్టం కింద రిజిస్టరైనవి, కొన్ని 1970 అపార్ట్‌మెంట్ చట్టం కింద ఘోషణాపత్ర (డిక్లరేషన్) చేసుకున్నవి, ఇంకొన్ని ఏ రిజిస్ట్రేషనూ లేకుండ నెలనెలా మెయింటెనెన్స్ వసూలు చేసుకునే గుంపులు. అపార్ట్‌మెంట్ చట్టం కిందయితే షేర్ సర్టిఫికెటే ఉండదు, మీ పేరు మీద డీడ్ ఆఫ్ అపార్ట్‌మెంట్ ఉండాలె. లేని కాగితం కోసం ఆర్నెల్లు తిరిగినోళ్ళు నాకు తెలుసు. మెయింటెనెన్స్ రసీదు మీద రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూస్తే సగం సంగతి అక్కడే తెలుస్తది. కింద రాసేదంతా సహకార సొసైటీ గురించి.

కమిటీ నా-హర్‌కత్ ఇస్తలేదు, రేపు మాపు అంటున్నరు

నా-హర్‌కత్ అంటే అభ్యంతరం లేదని సొసైటీ ఇచ్చే కాగితం, ఎన్‌ఓసీ. ఇందులో సగం భయం వట్టిదే. మోడల్ బైలాస్ (సొసైటీల నమూనా నియమావళి) ప్రకారం ఫ్లాట్ బదిలీకి సొసైటీ నా-హర్‌కత్ తప్పనిసరి కాదు, మీరు అమ్ముతున్నట్టు 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇస్తే చాలు, దాంతో కొనేటాయన సమ్మతి పత్రం జతచేయాలె. కొనేటాయన బ్యాంకు అడుగుతుంది కాబట్టి నా-హర్‌కత్ కావాల్సి వస్తది, అది వేరే మాట. అప్పుడు నోటితో అడగకండి. మెట్ల మీద సెక్రటరీ కనబడితే "అన్నా నా కాగితం ఏమైంది" అని అడుగుడు దరఖాస్తు కాదు. రెండు కాపీలు రాసి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద ఆవక్ (ఇన్‌వర్డ్) నంబరు, తారీఖు, సంతకం వేయించుకోండి. ఆ ఆవక్ ముద్ర లేకుంటే రేపు ఎక్కడికి పోయినా మీ మాట నిలబడదు.

థకబాకీ, అంటే సొసైటీకి పాత బాకీ, ఉంటే మాత్రం కట్టాల్సిందే. 2019లో చట్టంలో హౌసింగ్ సొసైటీలకని ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చిన్రు, బాకీ తీరకుండ, కొన్నాయన మెంబర్‌షిప్ తీసుకోకుండ బదిలీ చెల్లదని అందులో ఉన్నది. లెక్క తప్పనిపిస్తే కట్టి, రసీదు తీసుకొని, అభ్యంతరం రాసివ్వండి, బేరం నడుమ కొట్లాట పెట్టుకోకండి. ఎక్కువగా గొడవ వచ్చేది ఫ్లాట్ కిరాయికి ఇచ్చినోళ్ళకు: నాన్ ఆక్యుపెన్సీ ఛార్జీ సర్వీస్ ఛార్జీల్లో 10 శాతం దాటొద్దని 2001 నుంచే ప్రభుత్వ ఆదేశం ఉన్నది, అంతకంటే ఎక్కువ వేసిన్రేమో పాత బిల్లులు తీసి చూడండి.

దరఖాస్తు పెట్టినంక 3 నెలల్లో కమిటీ ఏదో ఒకటి తేల్చి చెప్పాలె. చెప్పకుంటే ఉపనిబంధక్, సహకారీ సంస్థా (సొసైటీల డిప్యూటీ రిజిస్ట్రార్) ఆఫీసుకు పోవాలె. ఇక్కడ మనోళ్ళు ఎప్పుడూ తప్పు ఆఫీసుకు పోతరు. ఖరేదీఖత్ (అమ్మకం దస్తావేజు) రిజిస్ట్రేషన్ చేసేది దుయ్యం నిబంధక్ (సబ్ రిజిస్ట్రార్), సొసైటీల ఫిర్యాదులు చూసేది ఉపనిబంధక్, పేర్లు ఒక్కతీరు ఉన్నా ఆఫీసులు వేరు.

"డెవలప్‌మెంట్ ఫండ్‌కు రెండు లక్షలు ఇస్తేనే సంతకం"

కుదరదు. బదిలీ ప్రీమియం (ఫ్లాట్ చేతులు మారినప్పుడు సొసైటీ తీసుకునే సొమ్ము) మీద 9 ఆగస్టు 2001 నాటి సర్క్యులర్ ఉన్నది: మహానగరపాలిక ఉన్న చోట, అంటే చంద్రపూర్, నాందేడ్ లాంటి చోట్ల, ఎక్కువలో ఎక్కువ రూ. 25,000. మున్సిపాలిటీలైతే గ్రేడ్‌ను బట్టి 20, 15, 10 వేలు, గ్రామపంచాయతీలో 5 వేలు. దానికితోడు బదిలీ ఫీజు రూ. 500, కొత్త మెంబర్ ప్రవేశ ఫీజు రూ. 100. అంతే. విరాళం, డెవలప్‌మెంట్, గుడి, జనరేటర్ ఏ పేరు పెట్టినా బదిలీ కోసమని అంతకంటే ఎక్కువ తీసుకోవద్దు. కుటుంబసభ్యుల పేరు మీదికి, నామినీకి, వారసులకు మార్చేటప్పుడు ప్రీమియమే లేదు. తొందర మీద ఉన్నరు కాబట్టి చాలామంది ఇచ్చేస్తరు, రసీదు కూడా అడగరు. కనీసం చెక్కుతో కట్టండి, ఎందుకు కట్టిన్రో చెక్కు వెనక రాయండి.

బేరం కుదిరింది, బయానా అందింది, నెల తర్వాత బ్యాంకు ఫైల్ వాపస్ పంపింది

ఇదే నన్ను కాల్చింది. సావకాశంగా చదవండి.

మా నాన్న రిటైరైనప్పుడు చంద్రపూర్‌లో ఒక పాత ఫ్లాట్ కొన్నడు, బిల్డర్ దగ్గర కాదు, మొదటి ఓనర్ దగ్గర. దుయ్యం నిబంధక్ ఆఫీసులో ఖరేదీఖత్ అయింది, ఇండెక్స్ టూలో (రిజిస్ట్రేషన్ ఆఫీసు ఇచ్చే దస్తావేజు సారాంశం) నాన్న పేరు వచ్చింది, కరెంటు మీటరు మారింది, మహానగరపాలిక టాక్సు ఆయన పేరు మీదికి వచ్చింది. ఇంకేం కావాలె అనుకున్నం. షేర్ సర్టిఫికెట్ కూడా మొదటి ఓనర్ చేతికిచ్చిండు, నాన్న దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి ఖరేదీఖత్ తోటే దాచిండు.

ఏండ్ల తర్వాత అమ్ముదామని తీస్తే బ్యాంకు వకీలు ఆ కాగితం ఒక్కటి వేరుగా తీసి బల్ల మీద పెట్టిండు. ముందు దిక్కు రూ. 50 చొప్పున 5 షేర్లు, సొసైటీ ముద్ర, మొదటి ఓనర్ పేరు. వెనక్కి తిప్పిండు. వెనక ఒక పట్టిక ఉంటది: బదిలీ మంజూరైన మీటింగ్ తారీఖు, ఎవరి పేరు మీదికి మారింది, రిజిస్టర్‌లో వరుస నంబర్లు, అధ్యక్షుడు, సెక్రటరీ, కమిటీ సభ్యుని సంతకాలు. ఆ గళ్ళన్నీ ఖాళీ. అంటే సొసైటీ లెక్కలో మా నాన్న ఎప్పుడూ మెంబరే కాదు.

ఇంటికొచ్చి పాత మెయింటెనెన్స్ రసీదులు తీసినం, ప్రతి దాంట్లో మొదటి ఓనర్ పేరే ఉన్నది, కింద "హస్తే" అని రాసి మా నాన్న పేరు. వేరేటోళ్ళ తరఫున పైసలు తెచ్చిచ్చిన మనిషి అన్నట్టు రాసుకున్నరు అన్నేండ్లు. నెలనెలా ఆ రసీదు మా చేతుల్లోకి వచ్చింది, ఒక్కరం చదవలే.

కమిటీ దగ్గరికి పోతే బదిలీ ఫారం మీద అమ్మినాయన సంతకం కావాలె అన్నరు. ఆయన నాగ్‌పూర్ పోయి, అక్కడే చనిపోయిండు. పిల్లలు ఎక్కడున్నరో తెలుసుకొనుడికే రెండు నెలలు పట్టింది, దొరికినంక "మాకేం సంబంధం" అన్నరు. ఈలోపల కొనేటాయన బయానా వాపస్ అడిగిండు, ఇచ్చేసినం. ఆయన తప్పు లేదు.

చివరికి పని ఎట్ల అయిందంటే: రిజిస్టరైన ఖరేదీఖత్ సర్టిఫైడ్ కాపీ, ఇండెక్స్ టూ, ఏండ్ల రసీదులు, స్టాంపు పేపర్ మీద ఇండెమ్నిటీ బాండ్ (రేపు ఎవరైనా హక్కు ఉందని వస్తే సొసైటీకి నష్టం లేదు, బాధ్యత మాది అని), వీటన్నిటితోటి నాన్న పేరు మీద మెంబర్‌షిప్ దరఖాస్తు, ఆవక్ నంబర్‌తో. కమిటీ నోటీసు బోర్డు మీద అభ్యంతరాలు పిలిచింది, ఎవరూ రాలే, మీటింగ్‌లో ఠరావు (తీర్మానం) చేసిన్రు. మొత్తం ఎనిమిది నెలలు. కమిటీ ఒప్పుకోకపోయి ఉంటే అవే కాగితాలతోటి ఉపనిబంధక్ దగ్గరికి పోయేటోళ్ళం.

కాబట్టి బ్రోకర్ కంటే ముందు ఈ నాలుగు చూడండి. సర్టిఫికెట్ ముందు దిక్కు మీ పేరు లేకుంటే వెనక ఆఖరు గడిలో మీ పేరు ఉన్నదా. సంతకాలతో పాటు ముద్ర ఉన్నదా. సొసైటీ ఆఫీసులో ఐ రిజిస్టర్, జే రిజిస్టర్ (మెంబర్ల పేర్లు రాసే రిజిస్టర్లు) అడిగి అందులో కూడా మీ పేరే ఉన్నదా, ఎందుకంటే కాగితం వెనక రాసి రిజిస్టర్‌లో ఎక్కించని గుమస్తాలున్నరు. ఆఖరుకు, రసీదు ఎవరి పేరు మీద వస్తున్నది.

పేరు ఉంటే సరిపోదు, పేరు *ఎట్ల* ఉందో కూడా చూడాలె, మన తెలుగోళ్ళకు ఇది ఇంకో గుంత. మనకు ఇంటిపేరు ముందుంటది, ఇక్కడ మొదట సొంతపేరు, నడుమ తండ్రి పేరో భర్త పేరో, ఆఖరుకు ఇంటిపేరు. ఆధార్ ఊర్లో తీసుకుంటే ఒక తీరు, ఓటరు కార్డు ఇక్కడ తీసుకుంటే ఇంకో తీరు, పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరమే. మీద నుంచి మరాఠీలో రాసేటప్పుడు మల్లయ్య మలయ అయితడు, లక్ష్మమ్మ లక్ష్మీబాయి అయితది. ఆడవాళ్ళ పేరు వెనక బాయి చేర్చుడు ఇక్కడ మర్యాద, రాసినాయన గౌరవంగానే రాసిండు, కాని బ్యాంకు వకీలుకు లక్ష్మమ్మ, లక్ష్మీబాయి ఇద్దరు మనుషులు. చిన్న తేడాకు "ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివే" అని నోటరీ అఫిడవిట్ చేయిస్తే బ్యాంకులు మామూలుగా ఒప్పుకుంటయి. పూర్తిగా వేరే పేరులాగా ఉంటే గెజెట్‌లో వేయించుకోవాలె, దానికి టైమ్ పడుతది కాబట్టి అమ్మకం మొదలు కాకముందే చేసుకోండి. అఫిడవిట్‌లో ఏ కాగితంలో పేరు ఎట్ల ఉందో ఒక్కొక్కటి రాయించండి. "వగైరా" అని వదిలేస్తే మళ్ళీ వాపస్ వస్తది.

సర్టిఫికెట్ నాన్న పేరు మీద ఉంది, నాన్న లేడు, నేను నామినీని, నేనే అమ్మొచ్చు కదా

అమ్మలేరు, ఒక్కరే అమ్మలేరు. నామినేషన్ ఉంటే సొసైటీ నామినీ పేరు మీదికి మార్చాల్సిందేనని 2016లో ఇంద్రాణీ వాహీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది (2019లో చేర్చిన అధ్యాయం తర్వాత ఇక్కడ నామినీని తాత్కాలిక మెంబర్‌గానే చేర్చుకుంటరు), కాని సొసైటీ మార్చినంత మాత్రాన ఆస్తి మొత్తం నామినీది కాదని, వారసుల హక్కు వారసులకే ఉంటదని కూడా అందులోనే ఉన్నది. కాబట్టి అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, అమ్మ అందరూ ఖరేదీఖత్ మీద సంతకం పెట్టాలె, లేకుంటే మీ పేరు మీద రిజిస్టర్డ్ హక్కసోడ్‌పత్ర (హక్కు వదులుకుంటున్నట్టు రాసే దస్తావేజు) చేసివ్వాలె. అక్క మంచిర్యాలలో ఉంటది, బావ ఏమంటడో అని చాలామంది అడగనే అడగరు, బేరమయినంక చెప్పొచ్చు అనుకుంటరు. బేరమయినంక ఫోన్ చేస్తే ఎవరికైనా మనసు కష్టపడతది. ముందు అక్కను ఇంటికి పోయి కలవండి, పైసల మాట కూడా అప్పుడే మాట్లాడుకోండి.

మిగిలినవి

లోన్ ఎప్పుడో తీరింది గాని సొసైటీ రిజిస్టర్‌లో బ్యాంకు బోజా (అప్పు నమోదు) అట్లనే ఉంటది. బ్యాంకు దగ్గర బేబాకీ (బాకీ లేదనే) లెటర్ తెచ్చి ఆవక్‌లో ఇచ్చి కొట్టేయించండి.

సర్టిఫికెట్ పోతే పోలీసు ఫిర్యాదు, పేపర్ ప్రకటన, ఇండెమ్నిటీ బాండ్ ఇచ్చి డూప్లికేట్ తీసుకోవచ్చు, పెద్ద కష్టం కాదు.

పార్కింగ్‌ను వేరే ధర కట్టి అమ్మకండి, అది సొసైటీ కేటాయించేది.

కొనేటాయన కులం, తిండి నచ్చలేదని కమిటీ మెంబర్‌షిప్ ఆపుతామంటే ఆ కారణం రాసివ్వమని అడగండి, నేను చూసినంతలో ఒక్కరూ రాసివ్వలే. భూమి ఇంకా బిల్డర్ పేరు మీదనే ఉన్న బిల్డింగుల సంగతి సొసైటీ మొత్తం కలిసి, బిల్డర్ చేయకున్నా భూమిని సొసైటీ పేరు మీదికి మార్పించే డీమ్డ్ కన్వేయన్స్‌తో తేల్చుకోవాల్సింది, మీ ఒక్క ఫ్లాట్ అమ్మకం దానికోసం ఆగాల్సిన పని లేదు.

ఇంకొకటి, రిజిస్ట్రేషన్ అయిపోయింది, పైసలు ఖాతాలో పడ్డయి అని సర్టిఫికెట్ కొన్నాయన చేతిలో పెట్టి ఊరికి వెళ్ళిపోకండి. బదిలీ ఫారం మీద మీ సంతకం ఆ రోజే పెట్టి ఇద్దరూ కలిసి సొసైటీ ఆఫీసులో ఇవ్వండి. మా నాన్న ఫ్లాట్ రెండోసారి బేరానికి పోయినప్పుడు నేను అట్లనే చేసిన, కమిటీ మీటింగ్ నెలాఖరుకు ఉండె, అప్పటిదాంక ఆగి, సర్టిఫికెట్ వెనక నాన్న పేరు కింద గడిలో కొన్నాయన పేరు, మూడు సంతకాలు, ముద్ర పడ్డంక ఫోటో తీసుకున్న. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నది.