కడప నుంచి కువైట్‌కు: ఫ్లైట్ అయిదు గంటలే, ప్రయాణం మాత్రం కాదు

కువైట్‌కు కొత్తగా వచ్చే మన కడప, రాయచోటి, రాజంపేట వాళ్లు ముందు అడిగేది ఒకటే: "ఫ్లైట్ ఎన్ని గంటలన్నా?"

మద్రాసు నుంచి నేరుగా అయితే ఇంచుమించు అయిదు గంటలు. ఆకాశంలో సుమారు 3,780 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి 3,370 దాకా ఉంటుంది, అర్ధగంట తగ్గొచ్చు. ఆ అర్ధగంటకు ఆశపడొద్దు. కడప నుంచి మద్రాసుకు రోడ్డున 260 కిలోమీటర్లయితే, హైదరాబాదుకు 400 పైనే. పైన మిగిలిందంతా కింద బస్సులోనే పోతుంది. హైదరాబాదు టికెట్ బాగా చౌకగా దొరికితే సరే. కర్నూలు మీదుగా పోయే బస్సుకు సిటీ కన్నా ముందే శంషాబాద్ తగులుతుంది, అక్కడే దిగేయండి.

బస్సు ఆరేడు గంటలు. ఎయిర్‌పోర్టులో మూడు గంటల ముందుండాలి. ఫ్లైట్ అయిదు. దిగాక ఇమిగ్రేషను, సామాను, కఫీల్ (వీసా ఇచ్చి పనికి పెట్టుకునే యజమాని) మనిషి కోసం ఎదురుచూపు. గడప దాటింది మొదలు గదిలో నడుం వాల్చేదాకా పదహారు, పదిహేడు గంటలు అనుకోండి. మధ్యలో దుబాయో దోహానో దిగి మారే టికెట్ అయితే ఇంకా ఎక్కువ. తొలిసారి వచ్చేవాళ్లు, అందులోనూ ఇళ్లల్లో పనికి ఒంటరిగా వచ్చే అక్కలు, కాస్త డబ్బులెక్కువైనా డైరెక్ట్ ఫ్లైటే ఎక్కండి.

టికెట్ మీద టైములు చూసి బెదరొద్దు. మద్రాసులో తెల్లవారుజామున 5 గంటలకు ఎక్కితే కువైట్‌లో 7:30కి దిగినట్టు ఉంటుంది. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు, కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఏడాది పొడుగునా ఇదే తేడా.

ఇంకొకటి, నేను దెబ్బతిని నేర్చుకున్నది. మొదటి సెలవుకు నా టికెట్ 12వ తేదీ 00:40కి. నేను 12న పగలంతా డ్యూటీ చేసి, తీరిగ్గా పెట్టె సర్దుకుని రాత్రి పోయినా. కౌంటర్‌లో పిల్ల టికెట్ చూసి, "నిన్న రాత్రే వెళ్లిపోయింది కదా" అనింది. 00తో మొదలయ్యే టైము ఉంటే ముందురోజు రాత్రే ఎయిర్‌పోర్టులో ఉండాలి.

ఇంటికి ఫోన్ చేసేదానికీ ఈ రెండున్నర గంటలు గుర్తుండాలి. ఇక్కడ పని ముగించుకుని రాత్రి 9కి చేస్తే అక్కడ 11:30. మా అమ్మ నిద్రమత్తులోనే, "ఏం నాయనా, ఇంత పొద్దుపోయి చేస్తాండావు, ఒళ్లు బాగుందా?" అని భయపడేది. ఇప్పుడు పొద్దున 5:30కి, డ్యూటీకి పోకముందే చేస్తా. అక్కడ 8 గంటలు, ఆమె చేతిలో కాఫీ గ్లాసు ఉంటుంది.

సామాను సంగతి. ఊరగాయ, కారంపొడి గట్టిగా ప్యాక్ చేసి చెక్‌ఇన్ పెట్టెలో వేయండి. గసగసాలు మాత్రం గింజ కూడా ఉండకూడదు, గల్ఫ్ దేశాల్లో వాటిని మత్తుపదార్థం కింద లెక్కేస్తారు. విడిగా ఎవరూ తేరు కానీ, ఇంట్లో కొట్టిన కోడికూర మసాలాలో కలిసే ఉంటాయి. ఆ పొట్లం కట్టేముందు అమ్మనో అత్తనో అడగండి. ఊళ్లో ఎవరైనా "మావోడికి ఇయ్యి" అని కుట్టేసిన సంచి ఇస్తే, వాళ్ల ముందే విప్పించి చూడండి. మొహమాటపడొద్దు.