ట్రౌట్ వేటకు తక్కువ ధరలో అల్ట్రాలైట్ స్పిన్నింగ్ రీల్: ఏం చూసి కొనాలి

వాగుల్లో పడే ట్రౌట్ చేపలు చాలావరకు అరకిలో లోపే ఉంటాయి. వాటికి వాడే లైన్ 2 నుంచి 6 పౌండ్ల తెగుబలం ఉన్నది, వేసే ఎర 1 నుంచి 7 గ్రాముల బరువున్నది. ఉదాహరణకు మెప్స్ అగ్లియా స్పిన్నర్ (తిరిగే రెక్క ఉన్న లోహపు ఎర) 0 నంబరు బరువు 2.5 గ్రాములే. ఇంత తేలికైన సరంజామాలో (దీన్నే అల్ట్రాలైట్ అంటారు) రీల్ ఎంత బలంగా లాగుతుందన్నది పెద్ద విషయం కాదు. ఎంత మెత్తగా లైన్ వదులుతుందో, దాన్ని ఎంత శుభ్రంగా చుట్టుకుంటుందో చూడాలి. తక్కువ ధర రీల్‌లో తయారీదారు ఎక్కడో ఒకచోట ఖర్చు తగ్గించక తప్పదు. ఆ తగ్గింపు డ్రాగ్‌లోనో (చేప లాగినప్పుడు లైన్‌ను అదుపుగా వదిలే బ్రేకు), లైన్ రోలర్‌లోనో, స్పూల్‌లోనో (లైన్ చుట్టి ఉండే ఉండ) జరిగిందంటే ఆ రీల్ వద్దు. బాడీ ప్లాస్టిక్‌దైనా, బేరింగులు తక్కువున్నా, హ్యాండిల్ సాదాసీదాగా ఉన్నా ట్రౌట్‌కు పనికొస్తుంది.

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే రెండు అంకెలను ముందే పక్కన పెట్టేయండి. మొదటిది గరిష్ఠ డ్రాగ్. 4 పౌండ్ల లైన్ దాదాపు 1.8 కిలోల దగ్గర తెగిపోతుంది. అలాంటప్పుడు రీల్ 3 కిలోల డ్రాగ్ ఇస్తుందా, 5 కిలోలు ఇస్తుందా అన్నది అనవసరం. రెండోది బేరింగుల సంఖ్య. పనికొచ్చే చోట్లు నాలుగే: పెద్ద గేరుకు అటూ ఇటూ ఒక్కొక్కటి, దానితో కలిసి తిరిగే చిన్న పినియన్ గేరు దగ్గర ఒకటి, లైన్ రోలర్‌లో ఒకటి. పది బేరింగులని రాసిన రీళ్లలో కొన్ని బేరింగులు హ్యాండిల్ పిడిలోకి పోతాయి, దానివల్ల చేప ఒక్కటి కూడా అదనంగా రాదు. నాసిరకం పది బేరింగుల కన్నా నాణ్యమైన మూడు నాలుగు ఎంతో మేలు.

సైజు: 500 వైపు ఎందుకు వెళ్లకూడదు

అల్ట్రాలైట్ అనగానే అన్నిటికన్నా చిన్న రీల్ కొనాలనిపిస్తుంది. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 500 సైజు రీల్ అరచేతిలో ముద్దుగా ఉంటుంది గానీ దాని స్పూల్ వ్యాసం చిన్నది. నైలాన్ లైన్ చిన్న చుట్టల్లో పడి ఉంటే ఆ వంపు దానికి అలవాటైపోతుంది. విసిరినప్పుడు స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా బయటికొచ్చి మొదటి గైడుకు (రాడ్ మీద లైన్ దూరే వలయం) కొట్టుకుంటుంది. రెండు గ్రాముల ఎరకు ఆ రాపిడిని దాటి దూరం వెళ్లే ఊపు ఎక్కడిది? పెద్ద వ్యాసం ఉన్న స్పూల్ నుంచి అదే లైన్ పెద్ద చుట్టలుగా సాఫీగా జారుతుంది.

అందుకే 1000 సైజును కనీసంగా పెట్టుకోండి. లోతు తక్కువ స్పూల్ ఉన్న 2000 దొరికితే ఇంకా మంచిది. షిమానోలో సి2000ఎస్ అని కనిపిస్తే, మొదటి సి అంటే చిన్న బాడీ, చివరి ఎస్ అంటే లోతు తక్కువ స్పూల్. అంటే 1000 బాడీ మీద 2000 స్పూల్ అన్నమాట. డైవాలో ఎల్‌టీ వరుస రీళ్లకు 1000ఎస్, 2000ఎస్ అన్న గుర్తులుంటాయి, అక్కడా ఎస్ అంటే అదే అర్థం. సైజు అంకెలు ఒక కంపెనీవి ఇంకో కంపెనీకి సరిగ్గా సరిపోవు. ఒకుమా, ఫ్లూగర్ లాంటివి 10, 20, 30 అని రాస్తాయి. కాబట్టి అంకె కన్నా స్పూల్ అంచు వ్యాసం కొలవడం నమ్మకమైన పద్ధతి: 40 నుంచి 45 మి.మీ. మధ్య ఉంటే సరే.

బరువు 180 నుంచి 230 గ్రాముల మధ్య ఉంటే చాలు. ఇంకో పది గ్రాములు తగ్గించుకోవడానికి ఎక్కువ డబ్బు పోయడం దండగ. దానికి బదులు మీ రాడ్‌కు బిగించి చూడండి. రీల్ కాడకు కాస్త ముందు, పట్టు కింద వేలు పెట్టి నిలిపితే రాడ్ దాదాపు అడ్డంగా నిలవాలి. కొన బాగా కిందికి వాలితే రీల్ మరీ తేలిక, రోజంతా పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది. 5 నుంచి 6 అడుగుల రాడ్లకు 1000 చక్కగా అమరుతుంది. 7 అడుగుల రాడ్‌కు 2000 బరువే సరిగ్గా ఉంటుంది.

గేర్ నిష్పత్తి, ఒక్క చుట్టుకు వచ్చే లైన్

5:1 అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే రోటర్ (స్పూల్ చుట్టూ తిరుగుతూ లైన్ చుట్టే భాగం) ఐదుసార్లు తిరుగుతుంది. కానీ ఎంత లైన్ లోపలికి వస్తుందన్నది స్పూల్ వ్యాసం మీద కూడా ఆధారపడుతుంది. 43 మి.మీ. స్పూల్ చుట్టుకొలత 135 మి.మీ., 5తో గుణిస్తే ఒక్క చుట్టుకు సుమారు 67 సెం.మీ. అదే 35 మి.మీ. స్పూల్ అయితే 55 సెం.మీ. మాత్రమే. స్పూల్ నిండుగా ఉన్నప్పటి లెక్క ఇది, లైన్ తగ్గే కొద్దీ ఇదీ తగ్గుతుంది.

నిలకడ నీటిలో చిన్న స్పిన్నర్లు, స్పూన్లు (చెంచా ఆకారపు లోహపు ఎరలు) మెల్లగా లాగడానికి 5:1 నుంచి 5.2:1 హాయిగా ఉంటుంది. పారే వాగులో ప్రవాహానికి ఎదురుగా, పైకి విసిరేవారికి మాత్రం సుమారు 6:1 కావాలి. ఎర నీటితోపాటు మీ వైపే కొట్టుకొస్తుంటే, ఆ వేగం కన్నా కాస్త ఎక్కువగా లైన్ చుట్టకపోతే స్పిన్నర్ రెక్క తిరగదు, చేప కొట్టినా తెలియదు. వాగు వేట ఎక్కువ చేసేవారు ఈ ఒక్క విషయంలో పట్టుబట్టాలి. అయితే తక్కువ ధరలో 6:1 కన్నా ఎక్కువున్న రీళ్లు తిప్పేటప్పుడు గరగరమనడం ఎక్కువ, కాబట్టి అవసరం లేకుండా అటు వెళ్లొద్దు.

డ్రాగ్: అసలు పరీక్ష

ట్రౌట్ నోరు మెత్తన. గాలానికి తగలగానే తల విదిలిస్తుంది, ఒడ్డు దగ్గరికి వచ్చాక ఒక్కసారిగా పరుగు తీస్తుంది. ఆ క్షణంలో డ్రాగ్ ముందు పట్టేసి తర్వాత జారితే, ఆ మొదటి కుదుపుకే 2 పౌండ్ల లైన్ తెగుతుంది, లేదా గాలం నోరు చీల్చుకుని ఊడుతుంది. కదలడం మొదలుపెట్టడానికి కావలసిన బలం, కదులుతూ ఉండటానికి కావలసిన బలం దాదాపు ఒకేలా ఉండాలి. మంచి డ్రాగ్‌కు ఇదే గుర్తు.

కొనే ముందు చూసే పద్ధతి ఇది. డ్రాగ్ మరను చాలా వదులుగా పెట్టి, లైన్‌ను వేళ్లతో అతి నెమ్మదిగా లాగండి. స్పూల్ ఆగి ఆగి కదిలితే పక్కన పెట్టేయండి. తర్వాత మర కొద్దికొద్దిగా బిగిస్తూ లాగండి. పూర్తి వదులు నుంచి పూర్తి బిగువుకు అర చుట్టులోనే వెళ్లిపోతే సన్నని లైన్‌కు సరిచేసుకోవడం కుదరదు. రెండు మూడు చుట్లు పట్టాలి. రీల్‌కు లైన్ లేకపోతే నూలుదారమైనా పది చుట్లు చుట్టి చూడవచ్చు.

లోపలి వాషర్లు నూనె పట్టించిన ఫెల్ట్‌వైనా, కార్బన్‌వైనా ఫర్వాలేదు. ఈ తక్కువ బరువుల్లో మంచి ఫెల్ట్ వాషర్ చాలా మెత్తగా జారుతుంది, అది పాత పద్ధతి అని తీసిపారేయకండి. డ్రాగ్ మర స్పూల్ ముందు ఉన్న రీలే తీసుకోండి. వెనక డ్రాగ్ రీళ్లలో వాషర్లు చిన్నవి, మధ్యలో భాగాలు ఎక్కువ, అందుకే తక్కువ ధరలో అవి కుదుపుగా పనిచేస్తాయి.

వాడేటప్పుడు డ్రాగ్‌ను లైన్ తెగుబలంలో నాలుగో వంతుకు పెట్టాలి. 4 పౌండ్లకు 450 గ్రాములు, 2 పౌండ్లకు 225 గ్రాములు. త్రాసు లేకపోతే సీసాలో 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి లైన్‌కు కట్టి వేలాడదీయండి. సీసా మెల్లగా కిందికి దిగుతూ ఉండాలి. ఇంకో సంగతి: స్పూల్ మీద లైన్ తగ్గే కొద్దీ అదే బిగువు ఎక్కువ బలంగా మారుతుంది. చుట్టు వ్యాసం సగమైతే చేప మీద పడే బలం రెట్టింపు. పెద్ద చేప చాలా లైన్ లాక్కుపోయినప్పుడు మర బిగించాలనిపిస్తుంది, కానీ చేయాల్సింది కాస్త వదులు చేయడం.

లైన్ రోలర్, బెయిల్, స్పూల్ అంచు

లైన్ రోలర్ అంటే బెయిల్ తీగ (విసిరేటప్పుడు తెరిచి, చుట్టేటప్పుడు మూసే వంపు తీగ) చివర లైన్ మలుపు తిరిగే చిన్న చక్రం. అది తిరగకపోతే లైన్ దాని మీద రాపిడి పడుతూ మెలికలు పడుతుంది, కొన్నాళ్లకు రోలర్ మీదే గాడి పడుతుంది. చూడటం తేలిక: లైన్‌ను రోలర్ మీదుగా కొంచెం బిగువుతో లాగి, చక్రం నిజంగా తిరుగుతోందో లేదో గమనించండి. బేరింగ్ బదులు సాదా బుష్ ఉన్నా తిరిగితే చాలు. గోటితో అంచులు తడిమి గరుకు లేదని చూసుకోండి.

బెయిల్‌ను చేత్తో మూయండి. స్పష్టంగా, ఒకే దెబ్బలో పడాలి, మధ్యలో ఆగకూడదు. స్పూల్ అంచు చుట్టూ కాస్త దూది తిప్పితే ఎక్కడైనా పోగు చిక్కుకుందంటే అక్కడ గరుకుంది, సన్నని లైన్ అక్కడే దెబ్బతింటుంది. అల్యూమినియం స్పూల్ ఉన్న రీలే కొనండి. ప్లాస్టిక్ అంచు ఒక్కసారి రాయికి తగిలితే పాడైపోతుంది.

హ్యాండిల్‌ను మెల్లగా తిప్పుతూ ప్రతి చుట్టులో ఒకేచోట టిక్కుమంటుందేమో వినండి. అలా అంటే గేరు పంటి లోపం, అది వాడకంతో పోదు. వేగంగా తిప్పి ఒక్కసారి వదిలినప్పుడు రీల్ చేతిలో అదిరితే రోటర్ సమతూకం బాగోలేదు. హ్యాండిల్‌ను వేర్వేరు చోట్ల ఆపి వెనక్కి నొక్కండి. పది పదిహేనుసార్లలో ఒక్కసారి జారినా ఆ రీల్ వద్దు. నేరుగా గేరులోకి మర బిగించే హ్యాండిల్ అయితే కదలిక తక్కువ. అవతలి వైపు స్క్రూతో పట్టి ఉంచేది కొంత ఊగుతుంది, అయినా దానికోసం మంచి డ్రాగ్ ఉన్న రీల్‌ను వదులుకోవాల్సిన పని లేదు.

ఈ లెక్కల్లో నెగ్గే తక్కువ ధర రీళ్లు షిమానో సెడోనా, ఒకుమా సీమార్, ఫ్లూగర్ ప్రెసిడెంట్ వరుసల్లో దొరుకుతాయి. అయినా ఒకే మోడల్‌లో రెండు రీళ్లు రెండు రకాలుగా తిరగడం ఉంటుంది. చేతిలోకి తీసుకుని పై పరీక్షలన్నీ చేశాకే తీసుకోండి. కొత్త తరం వచ్చాక మిగిలిపోయిన పాత తరం మోడల్ తక్కువకు దొరికితే కళ్లు మూసుకుని వదిలేయకండి, ట్రౌట్‌కు తేడా తెలియదు. వాడిన రీల్ అయితే రోలర్ మీద గాడి, స్క్రూల దగ్గర తుప్పు, డ్రాగ్ వాషర్లు అణిగిపోయి గట్టిపడ్డాయా అన్నవి ముందు చూడండి.

లైన్ ఎక్కించడం, ఆ తర్వాత వచ్చే తిప్పలు

ట్రౌట్‌కు 90 మీటర్ల లైన్ ధారాళంగా సరిపోతుంది. విసిరే దూరం సాధారణంగా 15 నుంచి 25 మీటర్లే. స్పూల్ లోతుగా ఉంటే అడుగున ఏదైనా చవక లైన్ చుట్టి, పైన మంచి లైన్ ముడేయండి. బ్రెయిడ్ (పోగులు అల్లిన లైన్) వాడితే అడుగున కొన్ని మీటర్ల నైలాన్ తప్పనిసరి, లేకపోతే నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ మొత్తం జారిపోతూ తిరుగుతుంది, డ్రాగ్ పాడైందని మీరు పొరబడతారు.

తడిగుడ్డతో లైన్‌ను పట్టుకుని బిగువుగా చుట్టండి. పదిహేను చుట్ల తర్వాత ఆపి లైన్ వదులు చేయండి. మెలికలు పడితే లైన్ డబ్బాను తిరగేసి మళ్లీ మొదలుపెట్టండి. స్పూల్ అంచుకు 1.5 నుంచి 2 మి.మీ. కిందికి ఆపాలి. అంచుదాకా నింపితే చుట్టలు ఒకేసారి దూకి చిక్కుముడి పడుతుంది. బాగా తక్కువ నింపితే అంచు రాపిడికి ఎర దూరం పోదు. చుట్టిన లైన్ ముందువైపు గుట్టగా పేరుకుంటే స్పూల్ కింద ఒక వాషర్ చేర్చాలి, వెనకవైపు పేరుకుంటే ఒకటి తీసేయాలి. చాలా రీళ్లతో ఈ పలచని వాషర్లు పెట్టెలోనే వస్తాయి.

చిక్కుముళ్లకు పెద్ద కారణం రీల్ కాదు, అలవాటు. చేప లైన్ లాగుతూ డ్రాగ్ జారుతున్నప్పుడు హ్యాండిల్ తిప్పితే 5:1 రీల్‌లో ఒక్కో చుట్టుకు ఐదు మెలికలు లైన్‌లో ఎక్కుతాయి. డ్రాగ్ జారుతూ చప్పుడు చేస్తుంటే తిప్పడం ఆపండి. బెయిల్‌ను హ్యాండిల్‌తో కాక చేత్తో మూసి, లైన్‌ను ఒకసారి బిగించి తర్వాత చుట్టండి. స్పిన్నర్ వాడితే దానికి పైన చిన్న స్వివెల్ (మెలికలు పడకుండా తనంతట తిరిగే కొక్కెం) కట్టండి. అప్పటికే మెలికలు పడి ఉంటే ఎర తీసేసి, ఉత్త లైన్ 30 నుంచి 40 మీటర్లు ప్రవాహంలోకి వదిలి కొన్ని నిమిషాలు ఉంచి, వేళ్ల మధ్య నొక్కిపట్టి చుట్టుకోండి. మెలికలు వాటంతటవే విప్పుకుంటాయి.

నిర్వహణ పెద్ద పనేం కాదు. కొన్ని వేటలకొకసారి లైన్ రోలర్‌కు, బెయిల్ కీళ్లకు, హ్యాండిల్ పిడికి ఒక్కో చుక్క పలచని నూనె. సీజనుకొకసారి గేర్లకు కొద్దిగా గ్రీజు. డ్రాగ్ వాషర్లకు మామూలు నూనె తగలనివ్వకండి, డ్రాగ్ కోసం చేసిన గ్రీజే వాడాలి. ఇంటికి రాగానే డ్రాగ్ పూర్తిగా వదులు చేయండి, బిగించి నెలల తరబడి ఉంచితే ఫెల్ట్ అణిగిపోతుంది. వెనక్కి తిరగకుండా ఆపే క్లచ్‌లో మాత్రం గ్రీజు అసలు పెట్టకూడదు. గడ్డకట్టే చలిలో గ్రీజు చిక్కబడితే లోపలి చిన్న రోలర్లు సమయానికి పట్టుకోవు, గాలం గుచ్చడానికి రాడ్ లాగిన క్షణంలో హ్యాండిల్ వెనక్కి జారుతుంది. అలా జారడం మొదలైతే రీల్ మార్చే ముందు క్లచ్‌ను విప్పి తుడిచి, ఒక్క చుక్క పలచని నూనె వేసి చూడండి. చాలాసార్లు అంతటితోనే సరిపోతుంది.